లౌడన్ కౌంటీ స్కూల్ బౌండరీలు: ఒకసారి మారిన పిల్లల్ని మళ్ళీ మార్చడం గురించి

ర్యాన్‌రోడ్_నాన్న

అందరికీ నమస్కారం. వర్జీనియాలో మన లౌడన్ కౌంటీలోని బ్రాంబుల్టన్, ఆష్‌బర్న్ దక్షిణం వైపు ఉండే తెలుగు పేరెంట్స్ అభిప్రాయాలు కావాలి.

మా ఎలిమెంటరీ స్కూల్ కెపాసిటీ దాటి చాలా కాలమైంది. వెనక గ్రౌండ్‌లో క్లాసుల కోసం ట్రైలర్లు (తాత్కాలిక గదులు) పెట్టారు. ఇప్పుడు ఏ ఇళ్ల పిల్లలు ఏ స్కూల్‌కి వెళ్లాలో మార్చే కొత్త బౌండరీ ప్లాన్లు వచ్చాయి. మూడింట్లో రెండు ప్లాన్లు మా టౌన్‌హోమ్స్‌ని మిగతా కమ్యూనిటీ నుంచి విడదీసి ఎవర్‌గ్రీన్ మిల్స్ రోడ్ అవతలి స్కూల్‌కి పంపుతున్నాయి. ఇప్పటి స్కూల్‌కి పాప నడిచి వెళ్తుంది. కొత్తదానికి బస్సు తప్పదు.

మా పాప థర్డ్ గ్రేడ్. కిండర్‌గార్టెన్ ఒక స్కూల్లో చదివింది. అప్పుడూ బౌండరీ మారితే ఫస్ట్ గ్రేడ్‌కి ఇక్కడికి వచ్చింది. ఈ ప్లాన్ పాసైతే ఫోర్త్ గ్రేడ్‌కి ఇంకో స్కూల్, సిక్స్త్‌కి ఎలాగూ మిడిల్ స్కూల్. మేం ఇల్లు మారలేదు, అద్దెకూ తిరగలేదు. అయినా పిల్లకి నాలుగు స్కూళ్లు.

నేను అడిగేది ఒక్కటే. బౌండరీ మార్చాల్సిందే అయితే మార్చండి, కానీ ఎలిమెంటరీలో ఒకసారి కదిపిన పిల్లల్ని మళ్ళీ కదపొద్దు. ఇంకా పునాదులు కూడా పడని ఇళ్లు మా చుట్టూ బోలెడు ఉన్నాయి. ఆ ఇళ్లొచ్చే ప్లానింగ్ జోన్లను (బౌండరీలు గీయడానికి కౌంటీని విడగొట్టిన చిన్న ముక్కలు) ఇప్పుడే ఖాళీ ఉన్న స్కూల్‌కి రాసేస్తే, కొనేవాళ్లు ముందే తెలుసుకుని కొంటారు. పబ్లిక్ హియరింగ్‌లో ఇదే మాట్లాడదామనుకుంటున్నాను. ఎవరైనా కలుస్తారా?

---

డల్లెస్‌సౌత్_అమ్మ

అన్నా, మేం రూట్ 50 వైపు ఇవన్నీ చూసినవాళ్లమే. ఈ వైపు ఫ్రీడమ్ హైస్కూల్ 2005లో వచ్చింది, జాన్ చాంప్ 2012లో, లైట్‌రిడ్జ్ 2020లో. కొత్త స్కూల్ తెరిచిన ప్రతిసారీ చుట్టుపక్కల గీతలన్నీ కదులుతాయి. మా పెద్దాడి ఫ్రెండ్స్ ఎదురెదురు వీధుల్లో ఉంటూ వేర్వేరు హైస్కూళ్లకి వెళ్లారు.

కానీ ట్రైలర్ క్లాసులు చూశాక నాకు బౌండరీ మార్పు మీద కోపం తగ్గింది. మా చిన్నది ఏడాదంతా ట్రైలర్లోనే చదివింది. వానొస్తే బాత్రూమ్‌కి వెళ్లడానికి రెయిన్‌కోట్ వేసుకుని మెయిన్ బిల్డింగ్‌కి పరిగెత్తాలి. తలుపు ఎప్పుడూ లాక్ చేసి ఉంటుంది కాబట్టి ఒంటరిగా పంపరు, తోడుగా ఇంకో పిల్ల వెళ్లాలి. అంటే ఇద్దరి పాఠమూ పోతుంది. పిల్లలు సర్దుకుపోతారు, అది వేరే విషయం. అలా సర్దుకోవాల్సిన అవసరమే ఉండకూడదు.

---

కొత్తిల్లు_2021

నేను కొంచెం గట్టిగానే రాస్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

మేం 2021లో, ఇళ్ల కోసం జనం అడిగినదానికంటే పైన పెట్టి కొంటున్న టైంలో కొన్నాం. ఇన్‌స్పెక్షన్ కూడా వదిలేసుకున్నాం. ఎందుకు? ఆ స్కూల్ కోసం. మా సేవింగ్స్ అంతా, ఇండియాలో ప్లాట్ అమ్మిన డబ్బూ ఆ డౌన్‌పేమెంట్‌లోనే ఉన్నాయి. ఇప్పుడు మెట్రో స్టేషన్ వైపు అపార్ట్‌మెంట్లు కట్టుకుంటూ పోయి, స్కూల్ నిండిపోయిందని మా పిల్లల్ని బయటికి పంపుతామంటే ఎలా? కదిపేటట్టయితే కొత్తగా వచ్చిన అపార్ట్‌మెంట్లనే కదపండి. అద్దెకున్నవాళ్లు ఎలాగూ ఏడాదికో రెండేళ్లకో మారతారు.

ర్యాన్‌రోడ్ గారితో నేను వస్తాను. మా వీధిలో పది ఇళ్లవాళ్లు కూడా వస్తారు.

---

మెట్రో_పక్కన

కొత్తిల్లు గారూ, ఆ అపార్ట్‌మెంట్లలో ఉండేది మేమే. మీలాంటి తెలుగువాళ్లమే, మీ పిల్లలతో పాటు సండే తెలుగు క్లాసుకి వచ్చేవాళ్లమే.

మేం అద్దెకుండటానికి కారణం మీరు కొన్న ధరలూ, ఇప్పటి వడ్డీ రేట్లూ. మా ఆయనకి ఉద్యోగం పోయి మళ్ళీ దొరికేసరికి చాలా టైం పట్టింది. అప్పుడు లోన్ మీద ఉంటే ఏమయ్యేదో. మూడేళ్లుగా ఇదే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. మా బాబు కిండర్‌గార్టెన్ నుంచి అదే స్కూల్. వాడికి స్పీచ్ థెరపీ ఉంది, ఆ థెరపిస్ట్‌కి వాడు అలవాటుపడటానికే దాదాపు ఏడాది పట్టింది. అద్దెకున్నాం కాబట్టి వీణ్ణి కదిపినా ఫరవాలేదంటే నేను ఒప్పుకోను.

మా అద్దెలోంచి కూడా ఆ బిల్డింగ్ ఓనర్ ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాడు. స్కూల్‌కి డబ్బు మీరు ఒక్కరే ఇవ్వట్లేదు.

---

మ్యాపులు_చదివేవాణ్ణి

కొన్నేళ్లుగా ఈ మీటింగులు ఫాలో అవుతున్నాను. ఎవరి చేతిలో ఏముందో తెలియకుండా వెళ్తే హియరింగ్‌లో మన నిమిషాలు వృథా అవుతాయి, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు పెరుగుదల. జనాభా లెక్కల ప్రకారం లౌడన్‌లో 1990లో 86,129 మంది. 2000లో 1,69,599. 2010లో 3,12,311. 2020లో 4,20,959. ముప్పై ఏళ్లలో దాదాపు అయిదు రెట్లు. ఈ లెక్కకు తగ్గట్టే స్కూళ్లు కట్టారు: హైస్కూళ్లే తీసుకుంటే 2000లో స్టోన్ బ్రిడ్జ్, 2005లో బ్రయర్ వుడ్స్, 2014లో రాక్ రిడ్జ్, 2015లో రివర్‌సైడ్, 2019లో ఇండిపెండెన్స్, మధ్యలో ఇంకా కొన్ని.

ఇప్పటి పరిస్థితి మాత్రం వేరు. మొత్తం స్కూళ్లలో పిల్లల సంఖ్య కోవిడ్‌కి ముందు సుమారు 84,000 దాకా వెళ్లి, తర్వాత తగ్గి, 80 వేల పైచిలుకు దగ్గర నిలకడగా ఉంది. కౌంటీ మొత్తంగా చూస్తే పిల్లలు పొంగిపొర్లిపోవట్లేదు. పాత కాలనీల్లో పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు, అక్కడి స్కూళ్లలో ఖాళీ ఉంది. కొత్త ఇళ్ల దగ్గర ఇరుకు. పడమటి వైపు ఊళ్లలో చిన్న చిన్న స్కూళ్లు మూసేద్దామా వద్దా అన్న గొడవ పదేళ్లకు పైగా నడుస్తూనే ఉంది. మిడిల్‌బర్గ్ స్కూల్ 2014లో, హిల్స్‌బరో స్కూల్ 2016లో చార్టర్ స్కూళ్లుగా (ప్రభుత్వ డబ్బుతోనే, విడి ఒప్పందం మీద నడిచేవి) మారింది ఆ గొడవల తర్వాతే. కౌంటీలో ఒక మూల ఖాళీ గదులు ఉన్నప్పుడు, ఇంకో మూల కొత్త బిల్డింగ్‌కి డబ్బివ్వమంటే కౌంటీని నడిపే సూపర్‌వైజర్లు వెంటనే సరే అనరు. ముందు గీతలు మార్చి చూడండి అంటారు. బౌండరీ మార్పులు ఇంత తరచుగా రావడానికి ఇదొక పెద్ద కారణం.

ఇక అధికారం. ఇళ్లకి అనుమతి ఇచ్చేది బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. స్కూల్‌కి డబ్బు మంజూరు చేసేదీ వాళ్లే. వర్జీనియాలో స్కూల్ బోర్డ్‌కి సొంతంగా పన్ను వేసే హక్కు లేదు. స్కూల్ బోర్డ్ చేతిలో ఉన్నది గీతలు గీయడం. ఇళ్లు ఒప్పుకున్నవాళ్లు ఒకరు, పిల్లల్ని సర్దాల్సినవాళ్లు ఇంకొకరు. మనం కోపమంతా స్కూల్ బోర్డ్ మీటింగ్‌లో చూపిస్తాం, రీజోనింగ్ (ఒక స్థలంలో ఏం కట్టొచ్చో మార్చడం) హియరింగులకు మాత్రం ఒక్కరం కూడా వెళ్లం.

కొత్తిల్లు గారు అపార్ట్‌మెంట్ల మీద పెట్టిన తప్పు లెక్కల్లో నిలబడదు. స్కూల్ ప్లానింగ్‌వాళ్లు ఇంటి రకాన్ని బట్టి ఎంతమంది పిల్లలొస్తారో అంచనా వేస్తారు. ఒక్కో ఇంటికి చూస్తే ఎక్కువమంది వచ్చేది సింగిల్ ఫ్యామిలీ ఇళ్ల నుంచి, తర్వాత టౌన్‌హోమ్స్, అన్నిటికంటే తక్కువ అపార్ట్‌మెంట్లు. మన స్కూళ్లు నిండింది ముఖ్యంగా మనం కొన్నలాంటి ఇళ్లవల్లే.

---

కొత్తిల్లు_2021

లెక్క సరే. కానీ ఒక్కో ఇంటికి తక్కువైనా, ఒకేచోట వందల యూనిట్లు వస్తే మొత్తం ఎక్కువే కదా. ఆష్‌బర్న్ మెట్రో 2022 నవంబర్‌లో మొదలయ్యాక ఆ వైపు ఎలా కడుతున్నారో చూస్తున్నాం. బిల్డర్లు లాభం తీసుకుని వెళ్లిపోతారు. స్కూల్ కట్టేది ఎవరు?

---

మ్యాపులు_చదివేవాణ్ణి

మంచి ప్రశ్న. రీజోనింగ్ అడిగే బిల్డర్ కౌంటీకి కొన్ని హామీలిస్తాడు, వాటిని ఇక్కడ ప్రాఫర్స్ అంటారు. స్కూల్‌కి స్థలం ఇవ్వడం, రోడ్డు వేయడం, డబ్బు కట్టడం, ఇలాంటివి. మన చుట్టూ ఉన్న చాలా స్కూళ్ల స్థలాలు ఇలా వచ్చినవే. కానీ 2016లో రాష్ట్రం చట్టం చేసి, ఇళ్ల విషయంలో కౌంటీలు ఏం అడగొచ్చో బాగా బిగించింది. 2019లో కొంచెం సడలించారు. ఇక అప్పటికే ఉన్న జోనింగ్ ప్రకారం, కొత్త అనుమతి అక్కర్లేకుండా కట్టే ఇళ్లయితే బిల్డర్ ఏ హామీ ఇవ్వనక్కర్లేదు.

స్కూల్ బిల్డింగులకు డబ్బు ఎక్కువగా బాండ్ల రూపంలో అప్పు తెస్తారు. దానికి నవంబర్ ఎన్నికల్లో ఓటర్లు ఒప్పుకోవాలి. బ్యాలెట్ చివర్లో ఉండే ఆ ప్రశ్న చాలామంది చదవకుండా వదిలేస్తారు.

డేటా సెంటర్ల సంగతి కూడా చెప్పాలి. చాలావరకు వాటిల్లోని కంప్యూటర్ల మీద వచ్చే పన్నువల్ల మన ఇంటి పన్ను రేటు 2015లో ఇంటి విలువలో ప్రతి వంద డాలర్లకి 1.135 డాలర్లు ఉన్నది 2025కి 0.805కి దిగింది. అవి ఒక్క పిల్లాణ్ణి కూడా స్కూల్‌కి పంపవు, కాబట్టి కౌంటీకి లాభమే. అయితే ఎకరం రేటు ఆకాశానికి ఎక్కించింది కూడా వాళ్లే. ఇప్పుడు ఆష్‌బర్న్‌లో స్కూల్‌కి స్థలం కొనాలంటే కౌంటీ పోటీపడేది డేటా సెంటర్ కంపెనీలతో.

---

హెచ్1బి_ఎన్నాళ్ళో

బాండ్‌కి ఓటేయండి, స్కూల్ బోర్డ్‌కి ఓటేయండి అంటున్నారు. మాలాంటివాళ్ల సంగతి?

నేను వచ్చి పదిహేనేళ్లు దాటింది. ఇక్కడే ఇల్లు కొన్నాను, పన్ను కడుతున్నాను. ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. గ్రీన్‌కార్డ్ క్యూ ఎప్పటికి కదులుతుందో తెలియదు. నాకు ఓటు లేదు. స్కూల్ బోర్డ్‌లో తొమ్మిది సీట్లుంటే ఒక్కదాని మీద కూడా నాకు మాట లేదు. మా వీధిలో సగం ఇళ్లు ఇదే పరిస్థితి. మమ్మల్ని పట్టించుకోకపోయినా ఎన్నికల్లో వాళ్లకి పోయేదేమీ లేదని ఒక్కోసారి అనిపిస్తుంది.

---

డల్లెస్‌సౌత్_అమ్మ

తమ్ముడూ, ఓటు లేకపోయినా హియరింగ్‌లో మాట్లాడొచ్చు. సిటిజన్‌షిప్ ఎవరూ అడగరు. అడ్రస్ చెప్పి మాట్లాడటమే. మా వైపు బౌండరీ మారినప్పుడు బాగా పనిచేసిన మాటలు చాలావరకు వీసా మీద ఉన్న అమ్మలవే. ఒకావిడ పెద్దగా ఇంగ్లీష్ రాదంటూనే వెళ్లి, పిల్లలు రోడ్డు దాటాల్సిన చోట క్రాసింగ్ లేదని ఫోటో చూపించింది. తర్వాతి ప్లాన్‌లో ఆ జోన్ మార్చారు. ఈమెయిల్స్ కూడా చదువుతారు. అయితే అందరూ ఒకే లెటర్ కాపీ పేస్ట్ చేసి పంపితే ఒక్క ఈమెయిల్ కింద లెక్క. మీ ఇంటి సంగతి మీరు రాయండి.

---

అత్తగారూ_నేనూ

మా ఇంటి సంగతి రాస్తాను.

మేమిద్దరం ఆఫీసుకి వెళ్లాలి. మా అత్తయ్యగారు ఖమ్మం నుంచి వచ్చి విజిటర్ వీసా మీద ఆరునెలలు ఉంటారు, ఆవిడ వెళ్లాక మా అమ్మ వస్తుంది. ఇద్దరికీ డ్రైవింగ్ రాదు. స్కూల్ నడిచే దూరంలో ఉంది కాబట్టి మధ్యాహ్నం పిల్లల్ని వాళ్లే తీసుకొస్తారు. స్కూల్ గేటు దగ్గర చూడండి, చీర మీద జాకెట్లు వేసుకున్న అమ్మమ్మలు, నాయనమ్మలు ఎంతమంది నిలబడి ఉంటారో. పిల్లాడికి జ్వరం వచ్చిందని నర్స్ ఫోన్ చేస్తే పావుగంటలో అత్తయ్య అక్కడుంటారు.

కొత్త స్కూల్‌కి బస్సు ఇస్తారు, నిజమే. కానీ జ్వరమొచ్చిన పిల్లాణ్ణి మధ్యలో తీసుకురావాలంటే బస్సు ఉండదు. స్కూల్ అయ్యాక ఉండే క్లబ్‌కీ ఉండదు. మ్యాప్ మీద అది రెండు మూడు మైళ్లే. మాకు మాత్రం ఒకరు ఉద్యోగం మానేయాలా, నెలనెలా డేకేర్ ఫీజు కట్టాలా అన్న ప్రశ్న. నడిచి వెళ్లే పిల్లల్ని బస్సెక్కించే ప్లాన్ ఏదైనా సరే, నేను వ్యతిరేకిస్తాను. అది టౌన్‌హోమ్ అయినా, అపార్ట్‌మెంట్ అయినా.

---

ఫ్రిస్కో_నుంచి

టెక్సాస్ నుంచి ఒక మాట. మా ఫ్రిస్కో 2000లో 33,714 మంది ఉన్న ఊరు, 2020కి 2,00,509. ఒక దశలో ఏటేటా కొత్త స్కూళ్లు తెరిచారు, ఏటేటా స్కూల్ బౌండరీలు మార్చారు. మా కజిన్ పిల్లలు ఇలాగే తిరిగారు. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. ఇళ్ల ధరలు పెరిగి చిన్న పిల్లలున్న కుటుంబాలు ఉత్తరానికి ప్రాస్పర్, సెలైనా వైపు వెళ్లిపోతున్నాయి. ఇక్కడ పిల్లల సంఖ్య తగ్గి, ఒక మిడిల్ స్కూల్‌ని మూసేయాలని బోర్డ్ నిర్ణయించింది. పిల్లలు వచ్చే వేగం ఎప్పటికీ అలాగే ఉండదు. కొత్త స్కూల్ కట్టమని అడిగేముందు పదేళ్ల తర్వాతి అంచనా కూడా చూపించమని అడగండి.

---

కమింగ్_జార్జియా

మా ఫోర్సైత్ కౌంటీలోనూ ఇదే. 2000లో 98,407, 2020లో 2,51,283. డెన్మార్క్ హైస్కూల్ 2018లో తెరిచేముందు జరిగిన గొడవలు ఇప్పటికీ మావాళ్లు చెప్పుకుంటారు. జార్జియాలో ఇంకో ఇబ్బంది: బిల్డర్ల దగ్గర రోడ్లకి, పార్కులకి ఇంపాక్ట్ ఫీజు వసూలు చేయొచ్చు గానీ చట్టం ప్రకారం స్కూళ్లకి కుదరదు. అందుకే మాకు బాండ్లూ, అమ్మకం పన్నులో వచ్చే ఒక్క శాతమే దిక్కు. కనీసం స్థలమైనా తీసుకునే వీలు మీకుంది, అది వదులుకోకండి.

---

సబ్‌టీచర్_ఆష్‌బర్న్

నేను సబ్‌స్టిట్యూట్‌గా (టీచర్ సెలవు పెడితే బదులుగా) చాలా ఎలిమెంటరీ స్కూళ్లకి వెళ్తుంటాను, నిండిపోయినవాటికీ, ఖాళీగా ఉన్నవాటికీ. లోపల ఎలా ఉంటుందో చెప్తాను.

నిండిపోయిన స్కూల్లో క్యాఫెటేరియా ఒకటే కాబట్టి లంచ్ పొద్దున పదిన్నరకే మొదలవుతుంది. పొద్దున తిన్న ఇడ్లీ ఇంకా అరగకముందే డబ్బా తెరవాలి. ఆ డబ్బా తినకుండానే ఇంటికి వస్తుంది, అమ్మ తిడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి మ్యాథ్స్ చెప్తుంటే పిల్లలు ఆకలితో నీరసంగా ఉంటారు. ఆర్ట్ రూమ్‌ని మామూలు క్లాసుగా మార్చేస్తారు, ఆర్ట్ టీచర్ రంగులన్నీ బండి మీద పెట్టుకుని క్లాసు క్లాసుకీ తోసుకుంటూ తిరుగుతుంది. బరువైన తలుపు, చేతిలో బండి, వెనక నీళ్ల మగ్గులు. మట్టితో బొమ్మలు చేయించడమైతే మానేసింది, సింక్ లేదుగా. రీడింగ్‌లో వెనకబడిన పిల్లలకి విడిగా చెప్పేది కారిడార్‌లో వేసిన బల్ల దగ్గర. పక్కనుంచి ఒక క్లాసు మొత్తం నడిచి వెళ్తుంటే ఆ పిల్లాడు పుస్తకం ఎలా చూస్తాడు?

ఖాళీ ఉన్న స్కూల్లో ఇవేవీ ఉండవు. టీచర్‌కి పిల్లలందరి తల్లిదండ్రుల పేర్లూ తెలుసు. ఆ స్కూల్ రేటింగ్ వెబ్‌సైట్లో ఒకటి రెండు పాయింట్లు తక్కువ ఉండొచ్చు. ఆ నంబర్‌లో చాలాభాగం టెస్ట్ మార్కులు, ఆ మార్కుల్లో చాలాభాగం ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడతారా, ట్యూషన్‌కి పంపగలరా అన్నవి. టీచర్ ఎలా చెప్తుందో అందులో కనపడదు. తెలుగు పేరెంట్స్ ఈ రేటింగ్ చూసి ఒక స్కూల్ నుంచి పారిపోవడం, ఇంకోదాని మీద ఎగబడటం నాకు చాలా బాధగా ఉంటుంది. నా పిల్లల్ని ఖాళీ ఉన్న ఆ స్కూల్‌కే సంతోషంగా పంపుతాను.

---

కొత్తిల్లు_2021

టీచర్ గారూ, మీరు చెప్పింది వింటాను. కానీ ఇల్లు అమ్మాల్సివస్తే కొనేవాడు ఆ నంబరే చూస్తాడు. హైదరాబాద్‌లో అయితే నిజాంపేటలో ఉండి కూడా కొండాపూర్ స్కూల్‌కి పంపొచ్చు, ఫీజు కడితే బస్సు ఇంటిముందుకొస్తుంది. ఇక్కడ అడ్రస్‌తోనే సీటు. అందుకే మా డబ్బంతా అడ్రస్‌లో పెట్టాం. దాన్ని ఒక రాత్రి ఓటుతో మార్చేస్తే భయం వేయదా? మా సేల్స్ ఆఫీసులో ఆరోజు ఈ స్కూలే అని చెప్పారు. కాగితం మీద మాత్రం స్కూల్ మారవచ్చు అని చిన్న అక్షరాల్లో ఉంది.

---

మోడరేటర్

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ల గురించీ, వేరే భాషల పిల్లల గురించీ రాసిన ఒక పోస్ట్ తీసేశాను. రాసినవారికి విడిగా మెసేజ్ పంపాను. ప్లాన్ల గురించి ఎంత గట్టిగానైనా వాదించండి, పిల్లల గురించి అలా మాట్లాడటం ఇక్కడ కుదరదు.

---

మెట్రో_పక్కన

థాంక్స్ మోడరేటర్ గారూ, నేను చదివాను ఆ పోస్ట్. ఏమీ అనను.

ర్యాన్‌రోడ్ గారూ, మీ మొదటి పోస్ట్‌లో ఒక మాట నాకు మింగుడుపడలేదు. ఇంకా కట్టని ఇళ్లని దూరం స్కూల్‌కి రాసేయమన్నారు. మేం రేపు అప్పోసప్పో చేసి కొనగలిగేది ఆ ఇళ్లే. ఎదురుగా స్కూల్ కనిపిస్తుంటే, దాన్ని దాటుకుని మా పిల్లలు ఇంకోచోటికి బస్సులో వెళ్లాలా? ముందొచ్చినవాళ్లకి దగ్గరి స్కూల్, తర్వాతొచ్చినవాళ్లకి దూరం స్కూల్ అంటే, నడిచి వెళ్లే హక్కు గురించి అత్తగారూ_నేనూ గారు చెప్పిందంతా మాకు వర్తించదా?

---

ర్యాన్‌రోడ్_నాన్న

మీరు అడిగింది న్యాయమే, దానికి సూటిగా జవాబు చెప్పాలి.

ఇప్పుడు చదువుతున్న పిల్లాణ్ణి కదపడం, ఇంకా రాని పిల్లాడికి మొదటి నుంచీ ఒక స్కూల్ చూపించడం ఒకటి కాదు. మొదటివాడు టీచర్‌ని, స్నేహితుల్ని, మీ బాబు విషయంలో అయితే థెరపిస్ట్‌ని పోగొట్టుకుంటాడు. రెండోవాడికి పోగొట్టుకునేది ఇంకా ఏదీ లేదు. వాడి పేరెంట్స్‌కి కొనేముందు తెలుసుకునే అవకాశం ఉంది. నేను అడిగేది మీ బాబుకి కూడా పనికొస్తుంది. అద్దె, సొంతం తేడా లేకుండా, చేరిపోయిన పిల్లలందరికీ ఒకే రూలు.

కానీ స్కూల్‌కి నడిచే దూరంలో కట్టే కొత్త ఇళ్లని దూరం పంపడం తప్పేనని ఒప్పుకుంటున్నాను. కాబట్టి నడిచే దూరానికి బయట, ఎలాగూ బస్సెక్కాల్సిన జోన్లు మాత్రమే అని మారుస్తాను. అవి మా వైపు చాలానే ఉన్నాయి. ఎవర్‌గ్రీన్ మిల్స్ అవతల, ఆల్డీ దారిలో.

---

మ్యాపులు_చదివేవాణ్ణి

ఇది అడగదగ్గ విషయం. ప్లానింగ్ జోన్ నంబర్ చెప్పి అడగండి. "మా కమ్యూనిటీని విడదీయొద్దు" అని అందరూ అంటారు, వాళ్లు తల ఊపి వదిలేస్తారు. "ఫలానా జోన్లో ఇంకా ఇళ్లు పూర్తికాలేదు, దాన్ని ఫలానా స్కూల్‌కి మారిస్తే మా జోన్ ఇక్కడే ఉండొచ్చు" అంటే, వాళ్ల స్టాఫ్ ఆ లెక్క వేసి చూడక తప్పదు. ఒక జోన్‌ని ఉంచమంటే ఇంకో జోన్‌ని తీయాల్సిందే. ఏది తీయాలో చెప్పకుండా మాట్లాడితే ఉపయోగం తక్కువ.

అయితే ఒక ఇబ్బంది ఉంది. ఖాళీ జోన్లను తీసేసినా, ఈరోజు స్కూల్లో ఉన్న పిల్లల సంఖ్య తగ్గదు. రేపు పెరగకుండా ఆగుతుంది, అంతే. ట్రైలర్లు ఇంకో రెండు మూడేళ్లు ఉంటాయి. డల్లెస్‌సౌత్ గారు చెప్పిన రెయిన్‌కోట్ బాధ అప్పటిదాకా తీరదు. దానికి మీరు సిద్ధమా?

---

డల్లెస్‌సౌత్_అమ్మ

నేనైతే సిద్ధం కాదు. ర్యాన్‌రోడ్ అన్న పాప సంగతి అర్థమైంది, కానీ ట్రైలర్లో ఉన్న పిల్లలు ఈ సంవత్సరమే అక్కడున్నారు. ఒక జోన్ కదిలితే ఆర్ట్ రూమ్ మళ్ళీ ఆర్ట్ రూమ్ అవుతుందంటే, ఆ జోన్ మాదే అయినా ఒప్పుకుంటాను. కాకపోతే ఫోర్త్ నుంచి ఫిఫ్త్‌కి వెళ్తున్నవాళ్లని అక్కడే ఉండనివ్వాలి, బస్సుతో సహా. ఉండొచ్చు కానీ బస్సు లేదు అంటే, కారూ టైమూ ఉన్నవాళ్ల పిల్లలే ఉండగలుగుతారు. అన్నదమ్ముల్ని కూడా విడదీయకూడదు.

---

హెచ్1బి_ఎన్నాళ్ళో

అన్నదమ్ముల సంగతి నేను మాట్లాడతాను. మా ఇద్దరికీ రెండేళ్ల తేడా. పెద్దది ఫిఫ్త్‌లో పాత స్కూల్, చిన్నోడు థర్డ్‌లో కొత్త స్కూల్ అంటే, రెండు పేరెంట్ టీచర్ మీటింగులు, రెండు బస్‌స్టాపులు, మా నాన్నగారొక్కరే ఇంట్లో. డ్రాఫ్ట్ ఈమెయిల్ రాసి ఈ రాత్రి పెడతాను.

---

కొత్తిల్లు_2021

నేను ప్లాన్‌ని ఇప్పటికీ వ్యతిరేకిస్తున్నాను, హియరింగ్‌కి కూడా వస్తున్నాను. అపార్ట్‌మెంట్ల మాట మాత్రం ఎత్తను, మెట్రో_పక్కన గారు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. రెండుసార్లు కదపొద్దు, జోన్ నంబర్లు, బస్సు, ఈ మూడే మాట్లాడతాను. దాంతోపాటు మా వైపు రీజోనింగ్ అప్లికేషన్లు ఏవేవి పెండింగ్‌లో ఉన్నాయో కౌంటీ సైట్‌లో చూసి ఇక్కడ పెడతాను. సూపర్‌వైజర్ల హియరింగ్ కూడా అదే నెలలో ఉంది, అక్కడికి నలుగురం వెళ్లినా చాలు.

---

మెట్రో_పక్కన

నేను మీతో కలిసి సంతకం పెట్టను, ఖాళీ జోన్ల విషయంలో నాకు ఇంకా ఒప్పుదల లేదు. నా బాబు థెరపీ గురించి, ఫిఫ్త్ గ్రేడ్ వాళ్లకి బస్సు గురించి విడిగా మాట్లాడతాను. స్పీకర్ల లిస్టులో మీ తర్వాత పేరు రాయించుకుంటాను. ర్యాన్‌రోడ్ గారూ, మీ జోన్ నంబర్, మాది రెండూ ఇక్కడ పెడితే ఎవరి నిమిషాల్లో ఏది చెప్పాలో పంచుకోవచ్చు.

---

ర్యాన్‌రోడ్_నాన్న

పెడుతున్నాను. జోన్ నంబర్లు, మూడు ప్లాన్ల మ్యాపులు సాయంత్రం అప్‌లోడ్ చేస్తాను. లంచ్ టైమ్, ఆర్ట్ రూమ్ సంగతి సబ్‌టీచర్ గారు చెప్తే బోర్డ్ వింటుంది, వీలైతే మీరూ రండి. అత్తగారూ_నేనూ గారూ, అత్తయ్యగారు రాగలిగితే తీసుకురండి, ఆవిడ తెలుగులో చెప్తే నేను ఇంగ్లీష్‌లో చెప్తాను.